గుర్రం ఒకటి, కుక్కలు నాలుగు, మూడెకరాలు: మీ రోజు ఎలా గడుస్తోంది?

చిన్నతోట · శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, రాయడం ఇదే మొదటిసారి. వికారాబాద్ దగ్గర మూడెకరాల తోట మాది. నిరుడు దసరాకి సిటీలో ఇల్లు అద్దెకిచ్చి ఇక్కడికి వచ్చేశాం. కుక్కలు నాలుగు. బూరె, గారె మాతో వచ్చాయి. మల్లి, సర్పంచ్ ఊళ్ళోంచి వాటంతటవే వచ్చి చేరాయి. సర్పంచ్ పిలిస్తే పలకడు, పిలవని చోటికి అందరికన్నా ముందు వెళ్తాడు, అందుకే ఆ పేరు. నాలుగు నెలల కిందట గుర్రం వచ్చింది. రేసుల్లోంచి తీసేసిన ఆడగుర్రం, తొమ్మిదేళ్ళది. దాని రేసు పేరు మా అమ్మకి నోరు తిరక్క గౌరి అని మార్చేసింది.

మా రోజు ఇలా ఉంటోంది. అయిదింటికి గౌరి డెక్కతో కొట్టం తలుపు తంతుంది. ఆ చప్పుడుకి బూరె మొరుగుతుంది, బూరెకి తోడు గారె, ఇక అమ్మ లేచి నన్ను లేపుతుంది. ఎండుగడ్డి వేసి, తొట్టి కడిగి నీళ్ళు పట్టి, లద్దె ఎత్తేసరికి ఆరున్నర. తర్వాత కుక్కలకి అన్నం, గుడ్లు. ఎనిమిదికి లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. మధ్యాహ్నం మళ్ళీ గడ్డి. సాయంత్రం మాలీసు, గిట్టలు గీకడం, దాణా. రాత్రి పదికి టార్చి వేసుకుని ఒక చుట్టు. నాలుగు నెలల్లో ఒక్క పెళ్ళికి వెళ్ళలేదు. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు? ఎక్కడ పని తగ్గించుకోవచ్చు?

ఇంకోటి. ఈ వానలకి పిడుదులు విపరీతంగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ కుక్కలకే అనుకున్నా, ఇవాళ గౌరి చెవుల్లో, తోక కింద కూడా కనిపించాయి. ఏం చేస్తున్నారు?

మామిడితోట · శుక్రవారం, రాత్రి 9:48

బాబూ, మదనపల్లె దగ్గర రెండు గుర్రాలు, ఏడు కుక్కలతో ఇరవై రెండేళ్ళుగా ఉన్నదాన్ని. పని తగ్గదు గానీ దాని తీరు మారుతుంది.

ముందు గడ్డి. చిన్న కళ్ళున్న నైలాన్ వల కొని అందులో కుక్కి వేలాడదీయి. గంటలో ఊడ్చేసే గడ్డి ఇంకా చాలాసేపు వస్తుంది. గుర్రం కడుపు చిన్నది, రోజంతా కొంచెం కొంచెంగా నమలాలి, ఖాళీగా నిలబెడితే తలుపు తంతుంది. అయిదింటి చప్పుడు కూడా అందుకే అయ్యుంటుంది. ఒకసారి స్ప్రింగు త్రాసుకి తగిలించి తూకం చూడు. నాలుగున్నర క్వింటాళ్ళ గుర్రానికి రోజుకి తొమ్మిది కిలోల ఎండుగడ్డి పడాలి. మేమంతా చంకలో పట్టినంత వేసి అయిదారు కిలోలతో సరిపెట్టిన రకమే.

ఇక దాణా. మా తాత మదనపల్లె బస్టాండు దగ్గర జట్కా తోలేవాడు. పొద్దున ఉడికించిన ఉలవలు, పైన ఉప్పు చల్లి పెట్టేవాడు. ఆ గుర్రం రోజంతా బండి లాగేది. మీ గౌరి ఏ బండి లాగుతోంది? ఊరికే నిలబడే గుర్రానికి ఉలవలు ఎక్కువైతే ఒళ్ళు రాదు, పొగరు వస్తుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు గానీ, గడ్డి సరిగ్గా పడితే దాణా గుప్పెడు చాలు. ఉప్పుగడ్డ మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచు.

కుక్కల గిన్నెలు కొట్టానికి దూరంగా పెట్టు. నాకు రెండు పక్కటెముకలు విరిగింది గుర్రం వల్ల కాదు, గుర్రం కాళ్ళ సందున పడ్డ అన్నం ముద్ద కోసం దూరిన కుక్కని లాగబోయి.

గచ్చిబౌలి రౌతు · శుక్రవారం, రాత్రి 10:31

మైలేజీ ఎంతిస్తుందన్నా?

చిన్నతోట · శుక్రవారం, రాత్రి 10:40

కిలో గడ్డికి రెండు లద్దెలు. సర్వీసింగు అయిదింటికి.

పాలకేంద్రం · శనివారం, ఉదయం 6:20

పిడుదులకి ఇంత ఆలోచన ఎందుకన్నా. మా దగ్గర పదకొండు గేదెలు, రెండు కుక్కలు. పశువుల మందుల షాపులో చిన్న సీసా ఇస్తారు, నీళ్ళలో కలిపి పంపుతో ఒళ్ళంతా కొట్టడమే. మేము గేదెలకీ అదే, కుక్కలకీ అదే. రెండు రోజుల్లో రాలిపోతాయి. గడ్డికి కూడా ఎక్కువ ఖర్చు పెట్టకు, అరెకరంలో సూపర్ నేపియర్ వేసుకో, ఏడాదంతా కోసుకోవచ్చు.

పాడేరు కొండగాలి · శనివారం, ఉదయం 8:05

మా ఏజెన్సీలో గుర్రం అంటే లారీ. రోడ్డు లేని ఊళ్ళకి బియ్యం, ఉప్పు, సంతకి పసుపు, పిప్పళ్ళు, అన్నీ దాని వీపు మీదే. మా నాన్నకి రెండుండేవి. మాలీసు, వల, త్రాసు ఇవేవీ తెలీవు. పని అయ్యాక ముందరి కాళ్ళకి బందం వేసి కొండ మీదికి వదిలేసేవాళ్ళం, పొద్దున వెతుక్కుని రావడమే పెద్ద పని. పొట్టి గుర్రాలు, గట్టివి. మీ రేసు గుర్రాన్ని అలా వదిలితే వారం బతకదు, ఆ తేడా నాకు తెలుసు.

మేము భయపడేది పిడుదుకి కాదు, జోరీగకి. వానాకాలం సాయంత్రం కొట్టం దగ్గర పచ్చి వేపాకు పొగ తప్పదు. జోరీగలు ఎక్కువున్న ఏడు గుర్రం ఉన్నట్టుండి జ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చి, బొమికల గూడైపోయేది. సర్రా అంటారని తర్వాత డాక్టరు చెప్పాడు. అదే ఏడు మా వేటకుక్కకి కన్ను నీలంగా పొర కమ్మింది. అదీ ఆ రోగమేనట.

చిన్నతోట · శనివారం, ఉదయం 11:35

అందరికీ థాంక్స్. అత్తా, త్రాసు తెచ్చి చూశా: ఆరు కిలోల ఎనిమిది వందలు. సిగ్గేసింది.

@పాలకేంద్రం అన్నా, మీరు చెప్పిన లాంటి సీసానే కుక్కల కోసం తెచ్చింది ఇంట్లో ఉంది. పొద్దున నలుగురికీ స్నానం చేయించి కొట్టా, మిగిలింది గౌరికీ కొట్టేశా. ఎండ లేదు కాబట్టి బాగా పట్టింది. ఒక పనైపోయింది.

లాడాల మనవడు · శనివారం, మధ్యాహ్నం 2:15

మా తాత, మా బాబాయి లాడాలు కొట్టేవాళ్ళు, నేను సెలవుల్లో వెంట తిరుగుతా. గిట్టలు గీకుతున్నానన్నారు, ఆఖరిసారి కోయించింది ఎప్పుడు? ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కోయించాలి. రేసులోంచి వచ్చిందంటే పల్చటి లాడాలు ఉండుంటాయి, అవి తీసేస్తే మొదట్లో రాళ్ళ మీద నడవలేదు, కంగారు పడకండి. మట్టి నేలలో రెండు మూడు నెలలకి గట్టిపడుతుంది.

వానల్లో కొట్టం తడిగా ఉంటే గిట్ట మధ్యన కప్ప దగ్గర (అరిపాదంలో మెత్తగా మూడు మూలల కండ ఉంటుంది చూడండి) నల్లగా కుళ్ళి, మురుగ్గుంట వాసన వస్తుంది. మొదట ముక్కే చెప్తుంది. కొట్టంలో ఊక మార్చడం ఒక్కటి చేస్తే అది రాదు.

మేకులు, డబ్బా మూతలు ఏరేయండి. గుర్రానికి ధనుర్వాతం వచ్చినంత తేలిగ్గా ఇంకే పశువుకీ రాదు. కుక్కకి అదే మేకు గుచ్చుకుంటే కుంటుతూ తిరిగి మానిపోతుంది. ఏటా టీకా వేయిస్తున్నారు కదా?

చిన్నతోట · ఆదివారం, సాయంత్రం 6:40

గౌరి పొద్దుటి నుంచి గడ్డి ముట్టలేదు. మత్తుగా నిలబడి ఉంది, తల వేలాడేసి. నడిపిస్తే వెనక కాళ్ళు తడబడుతున్నాయి. నిన్న సాయంత్రం నుంచి లద్దె రెండు ఉండలు, అంతే. ఇప్పుడు ముందరి కాలితో నేల గీరుతూ పక్కకి తిరిగి కడుపు చూసుకుంటోంది. మా ఊరి పశువుల డాక్టరు ఫోను తీయడం లేదు. పక్క తోట ఆయన అర లీటరు ఆముదం పట్టిద్దాం అంటున్నాడు. ఎవరైనా ఉన్నారా?

డాక్టరమ్మ · ఆదివారం, సాయంత్రం 6:52

నేను పశువైద్యురాలిని, కర్నూలు. నోట్లో ఏమీ పోయకండి. ఆముదం, సోడా, ఏదీ వద్దు. గుర్రం వాంతి చేసుకోలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అది ఇంకో రోగం. గడ్డి, దాణా ముందు నుంచి తీసేయండి, నీళ్ళు ఉంచండి.

నిన్న కొట్టిన మందు సీసా మీద ఏం రాసుంది?

చిన్నతోట · ఆదివారం, సాయంత్రం 6:58

అమిట్రాజ్ 12.5 శాతం.

డాక్టరమ్మ · ఆదివారం, సాయంత్రం 7:06

అనుకున్నాను. అమిట్రాజ్ గేదెకి, కుక్కకి లెక్క ప్రకారం కలిపి వాడతాం. గుర్రానికి వాడకూడదు. దాని పేగుల కదలికని ఆపేస్తుంది. కొట్టిన ఒకటి రెండు రోజులకి మత్తు, తడబాటు, తర్వాత పెద్ద పేగులో మేత గట్టిపడి దిగబడిపోతుంది. మీరు చెప్పేవన్నీ అవే.

ఇప్పుడు చేయాల్సింది:

సబ్బు నీళ్ళతో ఒళ్ళంతా కడిగి మందు వదిలించండి, చేతులకి తొడుగులు వేసుకోండి. చెవి గౌరి డొక్క మీద ఆనించి వినండి, రెండు వైపులా, పైనా కిందా, ఒక్కోచోట నిమిషం. మామూలుగా గడగడమంటూ ఉండాలి. దవడ కింద ఎముక మీదుగా రక్తనాళం తగులుతుంది, వేళ్ళు ఆనించి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టండి. 28 నుంచి 44 మామూలు. 60 దాటితే నాకు వెంటనే రాయండి. చిగురు వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి.

పశువుల అంబులెన్సు నెంబరు 1962కి ఫోను చేయండి. గుర్రాలు చూసే డాక్టరు, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయగలిగేవారు కావాలని చెప్పండి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళాల్సి వస్తే ఏ బండి దొరుకుతుందో కూడా ఇప్పుడే చూసుకోండి. ఎవరొచ్చినా మొదటి మాటగా అమిట్రాజ్ అని చెప్పి సీసా చేతిలో పెట్టండి. కడుపునొప్పి గుర్రానికి మామూలుగా ఇచ్చే మత్తుసూది జైలజీన్ కూడా ఇదే కోవది. తెలీక అది ఇస్తే పేగు ఇంకా ఆగుతుంది.

చిన్నతోట · ఆదివారం, సాయంత్రం 7:31

గుండె 56. చిగురు మూడు సెకన్లు పడుతోంది. డొక్క ఎడమ పక్క ఏదో దూరంగా ఒక్కసారి గుడగుడమంది. కుడి పక్క ఏమీ లేదు మేడం. గోడకి చెవి పెట్టినట్టుంది.

మామిడితోట · ఆదివారం, రాత్రి 7:35

బాబూ, పడుకుని పొర్లబోతే లేపి మెల్లగా నడిపించు. లేకపోతే ఊరికే అలసిపోయేలా తిప్పకు. నువ్వు టీ తాగావా?

పాలకేంద్రం · ఆదివారం, రాత్రి 7:50

అన్నా, నా మాట మీద చేశావు. నాకు తెలీదు. సిగ్గుగా ఉంది. చేవెళ్ళలో మా బావమరిదికి బొలెరో ఉంది, వెనక ఎత్తుగా కడ్డీలున్నాయి, గేదెల్ని తోలేదే. అర్ధరాత్రి అయినా పంపిస్తా, నెంబరు మెసేజ్ పెట్టాను.

చిన్నతోట · ఆదివారం, రాత్రి 11:55

డాక్టరు దొరికారు. శంకర్‌పల్లి వైపు గుర్రాల ఫారాలకి వెళ్ళే ఆయన, తొమ్మిదింబావుకి వచ్చారు. సీసా చూపించగానే మీరు చెప్పిందే అన్నారు మేడం. ముక్కులోంచి గొట్టం వేసి గోరువెచ్చటి నీళ్ళు, ఉప్పులు, పారఫిన్ నూనె ఎక్కించారు. మెడ నరానికి సెలైన్ పెట్టారు, సీసాలు కొట్టం దూలానికి కట్టాం. నొప్పికి సూది నరానికే ఇచ్చారు, కండకి ఇస్తే కుళ్ళే ప్రమాదం ఉందట. చెయ్యి పెట్టి చూసి, గట్టిపడ్డ మేత తగులుతోంది గానీ పేగు మెలిపడలేదు అన్నారు. మూడు గంటలకి మళ్ళీ వస్తారు. బొలెరో వద్దన్నాను గానీ పాలకేంద్రం అన్న బావమరిది అయినా వచ్చి గేటు దగ్గర నిలబెట్టుకుని పడుకున్నాడు.

సర్పంచ్ కొట్టం గడప మీద ఉన్నాడు. బూరెని, గారెని లోపల వేసి తలుపేశా, గొట్టం చూసి ఒకటే మొరుగుడు.

టెక్సస్ తెలుగు · సోమవారం, ఉదయం 4:10

ఇక్కడ సాయంత్రం. మీ పోస్టులు చూస్తూ కూర్చున్నా. మాకు ఎదురుదారిలో జరిగింది. గుర్రానికి నులిపురుగుల పేస్టు పెడుతుంటే కింద పడ్డ ముద్దని మా కుక్క నాకేసింది. ఐవర్‌మెక్టిన్. ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతి అది. కోలీ, షెపర్డ్ రకాల్లో చాలావాటికి ఆ మందు మెదడుకెక్కే జన్యులోపం ఉంటుంది. రెండు రోజులు లేవలేదు. బతికింది. ఇప్పుడు పేస్టు పెట్టే రోజు కుక్కని ఇంట్లో ఉంచుతాం, ఆ తర్వాత కొన్ని రోజులు లద్దె దగ్గరికి రానివ్వం. కుక్కలకి లద్దె ప్రసాదం కదా.

చిన్నతోట · సోమవారం, రాత్రి 8:20

లద్దె ఇంకా లేదు. మూడుసార్లు గొట్టం వేశారు. మత్తు మాత్రం దిగింది, చెవులు కదులుతున్నాయి. గుండె 44. కుడి పక్క నిమిషానికి రెండు చప్పుళ్ళు.

చిన్నతోట · మంగళవారం, ఉదయం 5:12

ఆరు ఉండలు! నూనె పట్టి తళతళలాడుతున్నాయి. చేత్తో పట్టుకుని అమ్మకి చూపించా. జన్మలో లద్దె చూసి ఏడుస్తానని అనుకోలేదు.

గచ్చిబౌలి రౌతు · మంగళవారం, ఉదయం 7:02

మైలేజీ వచ్చిందన్నా.

డాక్టరమ్మ · మంగళవారం, ఉదయం 8:30

సంతోషం. తొందరపడి పూర్తి మేత వేయకండి. ఇవాళ గుప్పెడేసి గడ్డి, నీళ్ళలో తడిపి, మూడు గంటలకోసారి. దాణా ఈ వారం వద్దు. లద్దె లెక్క రాసి పెట్టండి. రోజుకి ఎనిమిది, పదిసార్లు వేస్తే మామూలు.

పాలకేంద్రం గారూ, మీరొక్కరే కాదు, ఏటా ఇలాంటివి చూస్తాను. మన దగ్గర పశువు అంటే గేదె, ఆవు. మందుల షాపూ, దాణా, పుస్తకం అన్నీ వాటి చుట్టూనే. ఆ లెక్క గుర్రానికి తెస్తే కుక్క పని గాడిద చేసినట్టే. మీరు చెప్పిన సూపర్ నేపియర్ సంగతీ అంతే. అందులో ఆక్సలేట్లు ఎక్కువ. గేదె కడుపులో సూక్ష్మజీవులు వాటిని విరిచేస్తాయి. గుర్రంలో అవి కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. నెలల తరబడి అదే మేపితే ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుని ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కుంటు వస్తుంది. దానికి తోడు తవుడు కూడా పెడితే భాస్వరం ఎక్కువై ఇంకా త్వరగా. మరీ భయపెట్టేది మోనెన్సిన్ అనే మందు. కొన్ని కోళ్ళ, పశువుల దాణాల్లో కలుపుతారు. గుర్రానికి అతి తక్కువ మోతాదు చాలు, గుండె కండ పోతుంది. గేదెల దాణా బస్తా, గుర్రం దాణా బస్తా ఒకే గదిలో పెట్టకండి, ఒకే డబ్బాతో కొలవకండి.

లేత జొన్న పిలకలు మాత్రం ఎవరికీ వద్దు, అది మీ అందరికీ తెలిసిందే.

పాలకేంద్రం · మంగళవారం, ఉదయం 9:15

నేపియర్ సంగతి నాకు కొత్త మేడం. మా దగ్గర పెళ్ళి ఊరేగింపుల గుర్రం ఒకటుంది, దానికి రోజూ మా చేలోదే కోసి ఇస్తున్నా. దాని ముక్కు పైన ఎముక ఉబ్బి ఉంటుంది. సుడి బాగాలేదని సగం ధరకి కొన్నాడు వాడు, ఉబ్బు కూడా సుడి వల్లే అంటాడు. ఇవాళ వెళ్ళి చెప్తా.

డాక్టరమ్మ · మంగళవారం, ఉదయం 9:22

చెప్పడమే కాదు, ఫోటో పంపండి.

మామిడితోట · మంగళవారం, ఉదయం 10:40

మరి పిడుదుల సంగతి తేలలేదు. నా పద్ధతి చెప్తా. రోజూ మాలీసు చేసేటప్పుడు చెవులు, గడ్డం కింద, జూలు మొదలు, తోక కింద వేళ్ళతో తడిమి, దొరికినవి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిలువుగా లాగి, కిరసనాయిలు డబ్బాలో వేస్తా. చిదమను. కుక్కలకి డాక్టరు రాసిన నమిలే మాత్ర. కుక్క అన్నం మానేసి, చిగుళ్ళు తెల్లబడి, ముక్కులోంచి రక్తం కారితే పిడుదు జ్వరం. రక్తపరీక్ష చేయించు, పారాసిటమాల్ వేయకు. మొన్న మా పాలేరు మనవడు వేయబోయాడు, మనుషుల మాత్రే కదా మంచిదే అని.

కొట్టం గోడ పగుళ్ళు మట్టితో పూడ్చు. అవి గుడ్లు పెట్టేది అక్కడ, గుర్రం మీద కాదు. నాలుగు కోళ్ళు ఉంటే ఇంకా మంచిది. కుక్కలు ఊరుకుంటాయో లేదో మరి.

చిన్నతోట · మంగళవారం, రాత్రి 9:05

గారె ఊరుకోదు అత్తా.

గౌరి ఇవాళ ఏడుసార్లు వేసింది. పలక మీద సుద్దతో గీతలు గీస్తున్నా, కొట్టం తలుపుకి తగిలించా. సీసా మీద ఎర్ర పెయింటుతో ‘కుక్కలకే’ అని రాసి అటక మీద పెట్టా. డాక్టరు గారు పోతూ పోతూ గౌరికి ధనుర్వాతం టీకా కూడా వేశారు. ఊరి కుక్కలు వచ్చిపోతుంటాయి కాబట్టి పది రోజులాగి దానికీ రేబిస్ టీకా వేస్తానన్నారు. కుక్కలకే అనుకునేవాణ్ణి.

@లాడాల మనవడు, సిగ్గు విడిచి చెప్తున్నా, వచ్చిన నాలుగు నెలల్లో గిట్టలు ఒక్కసారే కోయించా. ముందర ఎడమ కాలు అంచు చీలింది. వికారాబాద్ వైపు ఎవరైనా వస్తారా?

లాడాల మనవడు · మంగళవారం, రాత్రి 9:40

మా బాబాయి గురువారం మొయినాబాద్‌లో పని చూసుకుని మీ వైపు వస్తానన్నాడు, నేనూ వస్తా. గుర్రం ఇంకా నీరసంగా ఉంటే ఒక్కో కాలు ఆపి ఆపి చేస్తాడు, తొందరపడడు. నీడ, గట్టి నేల చూసి పెట్టండి. టీలో పంచదార ఎక్కువ.

కుక్కల్ని దూరంగా కట్టేయండి, కోసిన ముక్కలకి ఎగబడతాయి. ఒకదాన్ని మాత్రం వదిలేయండి, పనయ్యేదాకా కదలకుండా కూర్చునేదాన్ని. ప్రతి తోటలోనూ అలాంటిది ఒకటుంటుంది.

చిన్నతోట · మంగళవారం, రాత్రి 9:44

సర్పంచ్.